బావి ఈత నుంచి పదిహేను వందల మీటర్ల పోటీకి

బీర్పూర్ పిల్లలకు నీళ్లు కొత్త కాదు. పక్కనే రోళ్లవాగు ప్రాజెక్టు, అవతల గోదావరి, ఎండకాలం వస్తే వ్యవసాయ బావులు. నడుముకు బెండ్లో ట్యూబో కట్టుకుని దూకి, సెలవులు అయిపోయేలోగా ఈత నేర్చేసుకునే పిల్లలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఎందరో. వాళ్లలో ఒకరు ఈతనే జీవితంగా ఎంచుకోవచ్చా? ఎంచుకోవచ్చు. అయితే బావి ఈత వేరు, పోటీ ఈత వేరు. ఆ తేడా పదేళ్ల వయసులోనే తెలియాలి. ఉద్యోగానికి పునాది కూడా అప్పటి నుంచే పడాలి.

ఏమిటీ పోటీలు?

ఫ్రీస్టైల్‌లో 400, 800, 1500 మీటర్లను దూరం పోటీలుగా లెక్కిస్తారు. యాభై మీటర్ల కొలనులో 800 అంటే 16 ల్యాప్‌లు, 1500 అంటే 30. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో 800 మహిళలకు, 1500 పురుషులకు మాత్రమే ఉండేవి. టోక్యో నుంచి రెండూ ఇద్దరికీ ఉన్నాయి. బహిరంగ జలాల్లో జరిగే 10 కిలోమీటర్ల మారథాన్ ఈత 2008 బీజింగ్‌లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. దూరం ఈదేవారికి అవకాశాలు ఈ తరంలో బాగా పెరిగాయి.

ప్రమాణం ఎక్కడుందో కూడా చూడాలి. 2024 పారిస్‌లో అమెరికా ఈతగాడు బాబీ ఫింక్ 1500 మీటర్లను 14 నిమిషాల 30.67 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే వంద మీటర్లకు సగటున 58 సెకన్ల వేగాన్ని పదిహేను వందల పొడవునా నిలబెట్టాడన్నమాట. అమెరికాకే చెందిన కేటీ లెడెకీ 2012 లండన్ నుంచి 2024 పారిస్ దాకా వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది.

ఇక్కడ కండబలం ఒక్కటే సరిపోదు. మొదటి వంద మీటర్లలో ఉత్సాహంతో దూసుకుపోతే చివరి మూడు వందల్లో చేతులు బరువెక్కుతాయి. ఒకే వేగాన్ని పట్టి ఉంచడం, రెండువైపులా ఊపిరి తీసుకోవడం, కాళ్లను పొదుపుగా వాడటం ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తాయి. 1500 పోటీలో 29 మలుపులుంటాయి. నీళ్లలోనే పల్టీ కొట్టి, గోడను తన్ని వెనుదిరిగే ఫ్లిప్ టర్న్ బావిలో రాదు.

మనవాళ్లు ఎవరున్నారు?

హైదరాబాద్ అమ్మాయి వృత్తి అగర్వాల్ దూరం ఫ్రీస్టైల్‌లో జాతీయస్థాయిలో తెలంగాణ తరఫున పతకాలు సాధించింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 4×200 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో దేశం తరఫున ఈదింది.

సముద్రంలో మరో దారి ఉంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. విజయవాడ పోలీసు తులసీ చైతన్య ఉద్యోగం చేస్తూనే పాక్ జలసంధినీ ఇంగ్లిష్ ఛానల్‌నూ దాటారు. కొలనులో పోటీకి చిన్నవయసు కావాలి, సముద్రపు ఈతకు ఓర్పు పండిన వయసు కూడా పనికొస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య శిక్షణ మొదలైతే మంచిది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలోని ప్రభుత్వ క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో శారీరక సామర్థ్య పరీక్షల ఆధారంగా పిల్లలను తీసుకుంటాయి. దరఖాస్తుకు ముందు ఈత శిక్షణ ఏ పాఠశాలలో ఉందో జిల్లా యువజన క్రీడల శాఖ కార్యాలయంలో అడగాలి. రాష్ట్రంలో పెద్ద కొలను హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో ఉంది. సుమారు 8 నుంచి 14 ఏళ్ల మగపిల్లలను ఆర్మీ బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు ఎంపిక చేసి, చదువు, వసతి, శిక్షణ ఇస్తాయి.

ఒక హెచ్చరిక. సాధన కోసం శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువలోకో, మానేరు లోతుల్లోకో పిల్లలు ఒంటరిగా దిగొద్దు. కాలువ గోడలు జారుతాయి, నీటి వడికి నేర్పరి ఈతగాడు కూడా ఒడ్డు పట్టుకోలేడు.

ఉపాధి ఎలా?

మన దేశంలో దూరం ఈత బహుమతి సొమ్ముతో ఇల్లు గడవదు. ఈ మాట తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. బతుకుదెరువు ఈత తెచ్చిపెట్టే ఉద్యోగంతో వస్తుంది. రైల్వే, సాయుధ బలగాలు, పోలీసు శాఖలు ఈతగాళ్లను క్రీడా కోటాలో తీసుకుంటాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఈదిన సజన్ ప్రకాశ్ కేరళ పోలీసు అధికారి. ఆసియా క్రీడల పతక విజేత వీర్‌ధవల్ ఖాడేను మహారాష్ట్ర ప్రభుత్వం తహసీల్దారుగా నియమించింది. తెలంగాణ ఉద్యోగ నియామకాల్లో ప్రతిభగల క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది.

ఈ కోటాకు ధ్రువపత్రాలే ప్రాణం. అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం-4 కావాలి. పోటీ ముగిసిన వెంటనే తీసుకుని భద్రపరచుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైనవారికి నెలకు రూ.10,000 చేతి ఖర్చు అందుతుంది. చదువులోనూ ముందుంటే విదేశీ విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకుంటాయి. దూరం ఫ్రీస్టైల్‌లో జాతీయ రికార్డులు నెలకొల్పిన ఆర్యన్ నెహ్రా అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జట్టుకు ఈదాడు.

పోటీలు విరమించాక కోచ్‌గా స్థిరపడాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఏడాది డిప్లొమా ఉత్తమం. పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలనుకునేవారు పీఈసెట్ రాసి బీపీఈడీ చేయవచ్చు. రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ శిక్షణ పొందినవారు కొలనుల్లో, రిసార్టుల్లో, బీచ్‌లలో లైఫ్‌గార్డులుగా చేరవచ్చు. వరద సహాయక దళాల్లో కూడా ఈ నైపుణ్యానికి విలువ ఉంటుంది.

తల్లిదండ్రులు అడగాల్సినవి

పిల్లల్ని చేర్చే ముందు అకాడమీలో మూడు సంగతులు కనుక్కోవాలి. కొలను ఏడాది పొడవునా తెరిచి ఉంటుందా? కోచ్‌కు ఎన్‌ఐఎస్ అర్హత ఉందా? గత రెండేళ్లలో అక్కడి నుంచి ఎందరు రాష్ట్ర పోటీలకు వెళ్లారు? చేరాక మూడు నెలలకోసారి 400 మీటర్ల టైమింగ్‌ను పుస్తకంలో రాసిపెట్టాలి. పదో తరగతి పూర్తయ్యేసరికి ఆ అంకెలను జాతీయ జూనియర్ పోటీల ఫలితాలతో పోల్చాలి. దగ్గరగా ఉంటే ఇంటర్‌ను కొలను ఉన్న ఊళ్లో చదివించాలి. చాలా దూరంలో ఉంటే, ఈత మానేయనక్కర్లేదు. చదువుకు పెద్దపీట వేసి, కోచింగ్ వైపో ప్రాణరక్షణ వైపో మళ్లేందుకు అదే తగిన సమయం.