పిడికిలి విప్పి వెళ్లినవాడు

 

ఉపాసక, ఉపాసికలారా! మన ఇళ్లలో ఎవరైనా పోతే త్రిశరణ పంచశీలాలు చదువుతాం, ఫొటోకి దండ వేస్తాం, వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. మంచిదే. కానీ వాళ్లు చేస్తూ చేస్తూ వదిలి వెళ్లిన పని సంగతి ఎంతమందిమి అడుగుతాం? దీనికి ఒక ఉదాహరణ చూద్దాం. ఇది నెదర్లాండ్స్ దేశస్థుడి కథ. ఆయన బౌద్ధుడని నేను చెప్పడం లేదు. చేసిన పని మాత్రం మనం తెలుసుకోదగ్గది.

ఆయన పేరు బ్రామ్ మూలెనార్. కంప్యూటర్‌లో ప్రోగ్రాములు రాయడానికి పలక లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి, దాన్ని ఎడిటర్ అంటారు. 'విమ్' అనే ఎడిటర్‌ను బ్రామ్ 1991లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. లోపలి రాతను కూడా దాచలేదు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. సాఫ్ట్‌వేర్ పనిచేసే మీ పిల్లల్ని అడగండి, విమ్ పేరు చాలామందికి తెలిసే ఉంటుంది.

కొందరు గురువులు కొంత విద్యను చివరిదాకా పిడికిట్లో దాచుకుంటారు. తాను అలా ఏదీ దాచలేదని మహాపరినిబ్బాన సుత్తంలో తథాగతుడు ఆనందుడితో అంటాడు. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడ్డ మనకు ఆ మాట విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

బ్రామ్ 1994లో ఉగాండాలోని కిబాలే అనే చోట తాగునీరు, పారిశుద్ధ్యం పనిలో స్వచ్ఛందంగా పనిచేశాడు. ఆ తర్వాత విమ్‌కు ధర పెట్టకుండా, ఇష్టమైతే అక్కడి పిల్లలకు సాయం చేయండని అడిగాడు. విమ్ తెరవగానే కనిపించే పలకరింపులోనే ఆ మాట ఉంచాడు. ఇవ్వకపోయినా ఎవరి పనీ ఆగదు. దానం ఇలా ఉండాలని నాకనిపిస్తుంది.

2023 ఆగస్టు 3న ఆయన చనిపోయాడు. వయసు 62. కొద్ది వారాల్లోనే ముదిరిన జబ్బు అని కుటుంబం తెలియజేసింది. ఆయన ముఖం ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఎన్నో దేశాల్లో బాధపడ్డారు. ధమ్మం తెలిసినవాళ్లు ఏడవకూడదని మనలో కొందరంటారు గానీ, ఆనందుడు ఏడ్చినప్పుడు తథాగతుడు కసురుకోలేదు. దగ్గరికి పిలిపించి, అతను చేసిన సేవను భిక్ఖువుల ముందు మెచ్చుకున్నాడు.

అయితే చిక్కు ఒకటి ఉంది. దాదాపు 30 ఏళ్లు ఎవరు మార్పు పంపినా బ్రామే చూసి, తానే చేర్చేవాడు. నాణ్యత నిలిచింది నిజమే, కానీ పని ఒక్క మనిషి మీదే ఆనుకుంది. ఇది నచ్చని కొందరు 2014లోనే విడిపోయి 'నియోవిమ్' మొదలుపెట్టారు. మన సంఘాల్లో ఇది ఇంకా ఎక్కువ. విహారం తాళం, పాస్‌బుక్, సభ్యుల పుస్తకం ఒక్క పెద్దాయన దగ్గరే ఉంటాయి. ఆయన పోతే మనకు ఏడుపూ మిగులుతుంది, తాళమూ మిగులుతుంది! మీ విహారంలో రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ ఆదివారమే అడిగి చూడండి.

విమ్ ఆగలేదు. ఎన్నో ఏళ్లుగా తోడున్న క్రిస్టియన్ బ్రబాంట్, ఇంకొందరు కలిసి అందుకున్నారు. రాతంతా బయటే ఉంది కాబట్టి అందుకోగలిగారు. తథాగతుడు కూడా తన తర్వాత ఫలానావాడని ఎవర్నీ కూర్చోబెట్టలేదు, ధమ్మాన్నే వారసుడిగా వదిలాడు. బాబాసాహెబ్ ఈ విషయాన్ని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ప్రత్యేకంగా చెప్పారు. ఆ గ్రంథం అచ్చయింది 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాతే. ఇతరుల చేతులు పూర్తిచేసిన పనే అదీ.

2022 జూన్‌లో విమ్ 9.0 వచ్చినప్పుడు, అంతకుముందే పోయిన తన సహచరుడు స్వెన్ గుకెస్‌కు బ్రామ్ దాన్ని అంకితమిచ్చాడు. తర్వాతి 9.1 విడుదల 2024 జనవరి 2న వచ్చింది. మిత్రులు దాన్ని బ్రామ్‌కు అంకితమిచ్చారు. అందులో ఎన్నో తప్పులు దిద్ది ఉన్నాయి. చివరి ఐదు నెలల్లో దిద్దినవి బ్రామ్ చూడనివి.