చిన్న అంగీ, పాత బొంత

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:18–21, లూకా 2:7, అపొస్తలుల కార్యములు 9:36–42.



ఈ నెల పాఠమునకు మేము ఎంచుకొనినవి సూదియు దారమును. ఇది స్త్రీల సంగతి యని పురుషులు పుట త్రిప్పివేయవద్దని మనవి. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టువాడు, అకుల ఇంట బసచేసి ఆ పనియే చేసెను (అపొ. కా. 18:3). మన ఊళ్ళలో ధాన్యపు గోనెల మూతులు దబ్బనముతో కుట్టినవారు మగవారే గదా.

హన్నా కథ మనమందరము ఎరుగుదుము. ఆమె ప్రార్థనను గూర్చి ప్రసంగములు చాల వింటిమి. ఆమె కుట్టిన అంగీని గూర్చి మాత్రము విన్నది తక్కువ. బాలుడైన సమూయేలు షిలోహులో యాజకునియొద్ద నుండెను, తల్లి రామాలో నుండెను. ఏటేట బలి అర్పించుటకు పోవునప్పుడు ఆమె వానికి ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. చొక్కా కుట్టిన చేతికే ఇందలి కష్టము తెలియును. కొలత తీసికొనుటకు బిడ్డ ఎదుట లేడు. కడచిన ఏడు చూచినప్పుడు భుజములు ఇంత, చేతులు ఇంత. ఈ సంవత్సరములో ఎంత ఎదిగెనో ఆమె మనస్సులోనే లెక్కించుకొనవలెను. అంతేకాదు, ఆ అంగీ మరుసటి ఏటివరకు చాలవలెను. మన తల్లులు ఎదుగు పిల్లకు గౌను కుట్టునప్పుడు క్రింది అంచున నాలుగు వ్రేళ్ళ మడత లోపల దాచి కుట్టుదురు. పిల్ల ఎదిగినకొలది ఆ కుట్లు విప్పి దించుదురు. హన్నా చేతికిని ఇట్టి యుక్తి యేదో తెలిసియుండవలెను. అంగడి బట్ట వయస్సునుబట్టి కుట్టబడును. ఇంటి బట్ట ఒక మనిషినిబట్టి కుట్టబడును. సమూయేలు అనబడిన ఒక్క పిల్లవాని కొరకే ఆ అంగీ తయారయ్యెను.

ఇక బొంత సంగతికి వత్తము. దీనిని చాలమంది బీదరికపు గురుతుగా ఎంచి దాచుకొందురు; అందుకు కారణము మాకు కనబడదు. మంచి బొంత కుట్టుటకు లెక్కయు ఓర్పును కావలెను. నూలుచీర పొడవు సుమారు 18 అడుగులు, వెడల్పు నాలుగడుగులకు కొంచెము తక్కువ. దానిని అడ్డముగా మూడు సమభాగములు చేసినయెడల ఆరేసి అడుగుల ముక్కలు మూడు వచ్చును. రెండు చీరలైన ఆరు పొరలు. ఒకరు పరుండుటకు చాలును. చిరుగులున్న ముక్కలు లోపలికి వేసి, గట్టిగా నున్న వాటిని పైకిని క్రిందికిని ఉంచవలెను. నేల ఊడ్చి, పొరలు పరచి, మూలలయందు బరువులు పెట్టి, అరచేతితో నడిమినుండి అంచులవైపునకు ముడుతలు సరిచేయవలెను. మొదట జానెడు దూరమున పొడుగు కుట్లు వేసి పొరలను నిలుపవలెను. అంచులు రెండు వ్రేళ్ళంత లోపలికి మడవవలెను. పిమ్మట వ్రేలెడు ఎడముగా వరుసలు వేసికొనుచు పోవలెను. కుట్లు మరీ దగ్గరైన బొంత అట్టవలె బిగిసిపోవును. మరీ దూరమైన రెండు ఉతుకులలోనే లోపలి పొరలు జారి ఉండలు కట్టును. పాత చీరలతో ఇట్టి పని చేసినవారు మనమొక్కరమే కాము. బెంగాలులో కాంథా యని పిలుచు బొంతలకు పాతచీరల అంచులనుండి లాగిన రంగు దారములనే వాడుచుండిరి.

ఇశ్రాయేలీయులలో బీదవానికి పగటి పైవస్త్రమే రాత్రి దుప్పటి. అందుచేతనే దానిని తాకట్టు పెట్టుకొనినవాడు సూర్యుడు అస్తమింపకముందే తిరిగి ఇచ్చివేయవలెనని ధర్మశాస్త్రము విధించెను (నిర్గమ 22:26, 27). సంక్రాంతికి ముందటి చలిలో పూరియింట పరుండినవారికి ఈ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

తొలి కాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చుట మన ఆచారము. నెలలు నిండకముందే అమ్మమ్మ కాబోవు ఆమె ట్రంకుపెట్టె తెరచి, ఉతికి ఉతికి వెన్నవలె మెత్తబడిన చీర యేదో వెదకును. క్రొత్త బట్ట పసిబిడ్డ చర్మమును ఒరయును, పాతది ఒరయదు. పసిబిడ్డకు మందముగా ఒక్క బొంత కుట్టుటకంటె పలుచగా నాలుగు కుట్టుట మేలు. వానకాలములో గూడ త్వరగా ఆరును, ఒకటి తడిసిన ఇంకొకటి చేతికి వచ్చును. దారపు ముడులు పొరల నడుమ దాగియుండవలెను. నైలాను, పాలియెస్టరు చీరలు ఈ పనికి తగవు. అవి తడిని పీల్చవు, నిప్పు తగిలిన కరగి ఒంటికి అంటుకొనును. ఇంకొక మాట: పసివారిమీద వదులైన దుప్పట్లు కప్పవద్దని, ముఖము మూసికొనునని, నేటి వైద్యులు హెచ్చరించుచున్నారు. కనుక చిన్న బొంత బిడ్డ క్రింద సమముగా పరచుటకే గాని మీద బరువు వేయుటకు కాదు.

లూకా సువార్తలో మన తెలుగు బైబిలు వాడిన మాట పొత్తిగుడ్డలు. మన అమ్మమ్మలు వాడు మాటయు అదే. మరియ బేత్లెహేమునకు వచ్చినప్పుడు సత్రములో స్థలము లేదు, తొట్టియే పడక ఆయెను. అయినను బిడ్డను చుట్టుటకు గుడ్డలు మాత్రము ఉండెను. ఆ గుడ్డలు నజరేతులోనే సిద్ధపరచి మూటలో పెట్టుకొని వచ్చినవని మేము తలంచుచున్నాము.

మాసిక వేయుటను గూర్చి ఒక సంగతి. పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక తగదని ప్రభువు చెప్పెను (మార్కు 2:21). ఆ ఉపమానపు అర్థము వేరొక నెల చూతము; అందలి కుట్టుపని మాత్రము అక్షరాల నిజము. మగ్గముమీద నూలు సాగదీయబడియుండును. మొదటి ఉతుకులో ఆ బిగువు సడలి బట్ట కురచగును. పాతబట్ట కురచగావలసినంత ఎప్పుడో అయినది. కాబట్టి క్రొత్త మాసిక ముడుచుకొని చుట్టునున్న పాతనూలును లాగి చింపును. పాత చొక్కాకు పాత చొక్కా ముక్కయే వేయవలెను. క్రొత్తది తప్పనిసరియైన రాత్రంతయు నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, తరువాత కత్తిరింపవలెను. మాసికలు వేయు చేతులను దగ్గరనుండి చూడనివాడు ఇట్టి ఉపమానము చెప్పడని మాకు తోచుచున్నది.

అమెరికా దేశమున అలబామా రాష్ట్రములో జీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసలుగా తేబడినవారి సంతతివారు అక్కడ ప్రత్తి పండించి బ్రతికిరి. చలికి గోడల సందులనుండి గాలి వీచెడి ఇండ్లలో వారి స్త్రీలు చినిగిన బట్టలతో బొంతలు కుట్టిరి. వారిలో మిజూరీ పెట్‌వే అను ఆమె భర్త మరణించగా, 1942లో ఆమె అతని పొలముపని బట్టలను విప్పి, ముక్కలు చేసి, కుమార్తెను తోడు పెట్టుకొని బొంత కుట్టెను. అతని జ్ఞాపకమునకును, కప్పుకొనుటకును. ఆ ఊరి బొంతలను 2002లో హ్యూస్టను నగరపు ప్రదర్శనశాలలో గోడలకు వ్రేలాడదీసిరి. చూచినవారు రంగులను మెచ్చుకొనిరి. మేము మెచ్చుకొనునది మరియొకటి: చనిపోయినవాని చొక్కాను ఏమి చేయవలెనో తెలియక పెట్టెలో దాచువారు మన సంఘములలో చాలమంది కలరు. ఆమెకు తెలిసెను.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి యేడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను చూపిరి. పొగడ్తలకంటె ముందు బట్టలే కనబడినవి. ఎవరి అంగీ యెవరిదో వారికి తెలియును. దొర్కాకును తెలిసియే కుట్టెను.

నేడు మన ఇండ్లలో ఈ తెలివి ముసలమ్మల చేతులలో మిగిలియున్నది. పాతచీరలు స్టీలు గిన్నెలవానికి పోవుచున్నవి. అంగడి కంబళ్ళు చౌకయైనవి, మెత్తనివి కూడ. వాటిని కొనవద్దని మేము చెప్పము. అయితే అరుగుమీద కూర్చున్న తల్లి "నా చీరలు రెండున్నాయి, పిల్లలకు బొంత కుట్టనా?" అని అడిగినప్పుడు, "ఎందుకమ్మా నీకీ శ్రమ, బజార్లో కొనుక్కుందాంలే" అని కొడుకు ప్రేమతోనే అనును. ఆమె మరల అడుగదు. ఏ మనుమడు కాళ్ళు ముడుచుకొని పరుండునో, ఏ మనుమరాలు దుప్పటి తన్నివేయునో ఆమెకు తెలియును. ఆ కొలతలు ఇంటిలో మరియెవరికిని తెలియవు.

కనుక ఆమె అడిగినయెడల కుట్టనిండు. వరుసలు వంకరపోయిన పోనిండు. ఆమె చూచుచుండగా ఆ కుట్లు విప్పవద్దు. ఆమెకు నిజముగా కష్టమైనది కుట్టుట కాదు, సూది కన్నములో దారము ఎక్కించుట. బడికి పోవు పిల్లలు ఉదయముననే పన్నెండు సూదులకు మూరెడేసి దారము ఎక్కించి, ఒక గుడ్డముక్కకు వరుసగా గ్రుచ్చి, నాయనమ్మ ప్రక్కన పెట్టి పోవలెను. సాయంకాలము వచ్చి ఆ సూదులను లెక్కింపవలెను. పన్నెండును కనబడినగాని బొంతను మడిచి పెట్టరాదు.