కరెంటు దగ్గర బతకడం: ఒక బోరు రైతు అనుభవ పాఠాలు

మా అనంతపురంలో ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల వాన. అందుకే మా సేద్యమంతా బోర్ల మీదే. మోటార్ల మధ్యే ముసలివాణ్నయ్యాను. కుర్ర రైతులకు చెప్పాల్సినవి ఇవి.

1. కరెంటు మనిషిని లాక్కోదు, మన చెయ్యే దాన్ని వదలదు. 10 మిల్లీయాంపులు దాటితే కండరాలు మన మాట వినవు. వేళ్లను ముడిచే కండరాలదే బలం కాబట్టి పిడికిలి ఇంకా బిగుస్తుంది. ‘వదులు వదులు’ అని అరవకండి, మనిషిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి.

2. మొన్న కొడితే ఏమీ కాలేదని ధైర్యం చేయకండి. ఎండిన చర్మం కరెంటుకు కొంత అడ్డు. చెమట పడితే ఆ అడ్డు పోతుంది. తడి మడిలో ఒట్టికాళ్లతో నిలబడి కరెంటు లీకైన స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే, చేతిలో ఎక్కిన కరెంటు ఛాతీ మీదుగా కాళ్లలోకి దిగుతుంది. 100 మిల్లీయాంపులు చాలు, గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది.

3. ఎర్త్ గుంతను ఎండనీయకండి. నేల తడారితే ఎర్త్ సరిగా పనిచేయదు, లీకైన కరెంటు డబ్బా రేకులోనే నిలుస్తుంది. వేసవిలో మొక్కతో పాటు దానికీ నీళ్లు పోయండి.

4. తెగిన తీగ ప్రాణాలు తీస్తుంది. 2022లో తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర ఆటో మీద తీగ పడి ఐదుగురు, బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ట్రాక్టర్ మీద పడి నలుగురు, అందరూ కూలి ఆడవాళ్లే, ప్రాణాలు పోగొట్టుకున్నారు. తీగ మీద పడకపోయినా దాని చుట్టూ నేలలోనూ కరెంటు ఉంటుంది, అక్కడ పెద్ద అడుగులు వేస్తే ఒక కాల్లో ఎక్కి ఇంకో కాల్లో దిగుతుంది. ఎద్దుకు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ దూరం ఎక్కువ, అందుకే అది ముందు పడిపోతుంది. పాదాలు ఎత్తకుండా, దగ్గరగా జరుపుకుంటూ దూరం పోండి. 11 కేవీ తీగను కర్రతో కూడా కదపొద్దు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించండి.

5. షాక్ తగిలినవాణ్ని ఇసుకలో పాతడం, అరికాళ్లు రుద్దడం వల్ల పోయేది కాలమే. కరెంటు ఆగాక, ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి.

6. మచ్చ చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. పైన వేలిగోరంత కాలినా లోపల కండరం ఉడికిపోయి ఉండొచ్చు. ఆ కండరం కరిగి రక్తంలో కలిస్తే మూత్రం డికాషన్ రంగులో వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. గుండె లయ తప్పిందో లేదో ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోండి.