తీగ మారేచోట

జగదల్‌పూర్‌కు వచ్చాక గిటార్ నేర్పే మాస్టారు దొరకలేదని మా తరగతిలో ఒక అమ్మాయి దిగులుపడింది. ఆమెకు మేము మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి చెప్పాం. ఆయన 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువుగారు పాడేవారు, శిష్యుడు విని మీటేవాడు!

గిటార్‌కూ అదే దారి. ముందు సరళీ స్వరాలు నోటితో పాడండి, తర్వాత మీటండి. పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి. తీగ మారేచోట చెయ్యి తడబడి రెండుసార్లూ కిందికే కొడుతుంది. అక్కడా వరుస తప్పకూడదు. పిక్ కొన మాత్రమే తీగకు తగలాలి, మణికట్టు కదలాలి. తాళం దెబ్బకు ఒక స్వరం, కుదిరాక రెండు, ఆపైన నాలుగు. స్వరం మసకబారిందా, వెనక్కి రండి. ఆ అమ్మాయి ఇంకా మొదటి కాలంలోనే ఉంది. మూడో తీగ నుంచి రెండో తీగకు మాత్రం ఇప్పుడు ఆగకుండా దాటుతోంది.