పాత తోట యింటిని బాగుచేయుట యెట్లు?

హైదరాబాదు నుండి నాగార్జునసాగరునకు పోవు త్రోవలో ఇబ్రహీంపట్నము కలదు. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరనే ఈ ఊరు వెలసినదందురు. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభువు ఈయనయే. ఇచటి పెద్ద చెరువును ఆయన కాలపుదే యని ప్రసిద్ధి. ఈ ప్రాంతపు చరిత్రలో రాజుల భాగము పుస్తకముల కెక్కినది. రైతుల భాగము మాత్రము పొలముల నడుమ కూలుచున్న పాత తోట యిండ్లలోను, పూడిన బావులలోను మిగిలి యున్నది.

నగరము పెరుగుచున్న కొలది ఈ భూములు ప్లాట్లుగా మారుచున్నవి. వంద యేండ్ల యిల్లు యంత్రము ముందర ఒక పూటలో నేలమట్టమగును. దాని శిథిలములతోనే ప్రక్కనున్న బావిని పూడ్చుదురు. యజమాని అర్జీ పంచాయతీ ముందునకు వచ్చినపుడు, అనుమతి నిచ్చుటకు పూర్వము సభ్యులు ఒకసారి ఆ స్థలమునకు పోయి చూచుట మంచిది. ప్రతి మొండిగోడను నిలుపవలెనని మేము చెప్పుటలేదు. దూలములు చెదలుపట్టి, పునాది కదలిన యింటిని విప్పివేయుటయే క్షేమము. కాని ఏది పోవుచున్నదో తెలిసి పోనిచ్చుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు.

పోయిన సభ్యులు మొదట గోడలను కాదు, బావిని చూడవలెను. తోట యింటికి బావియే మూలము. బావి యొడ్డున వాలుగా దిగిన మట్టిబాట యున్నచో అది మోటబాట. ఎద్దులు ఆ వాలున దిగుచుండగా తోలుమోట నిండి పైకివచ్చి తొట్టిలో నీరు పోయుచుండెడిది. ఒడ్డు రాతిపై మోకు ఒరసి చేసిన గాళ్లు నేటికిని కొన్నిచోట్ల కనబడును; అవి ఎంత లోతుగా నున్నవో చూచినచో ఆ బావి ఎన్ని తరములు పనిచేసినదో ఊహించుకొనవచ్చును. తొట్టి ఏ వైపున నున్నదో తోటయు ఆ వైపుననే యుండియుండును. వేసవిలో గడ్డి ఎండినపుడు తొట్టి నుండి నేల వాలును పట్టి నడచి, అనుమానమున్నచోట జానెడు లోతున మెల్లగా త్రవ్విన యెడల పాత కాలువ గచ్చు బయటపడవచ్చును. గడ్డపారతో కాక చేతిపారతో త్రవ్వవలెను. కాలువ దొరికినచో తోట పటము సగము దొరికినట్లే.

మిగిలిన సగము చెట్లు చెప్పును. వరుసగా, సమానమైన ఎడముతో నిలిచిన మామిడి మ్రాకులు నాటినవి; ఎడము లేక పెరిగిన తుమ్మ, సర్కారుతుమ్మ తరువాత వచ్చినవి. ఇందొక వింత కలదు. జామ, సీతాఫలము మన పల్లెలలో పుట్టినవనియే మనము తలతుము. కాని అవి అమెరికా ఖండపు చెట్లు. పోర్చుగీసువారు సముద్రముపై వచ్చిన పిమ్మటనే ఈ దేశమున వ్యాపించినవి. కనుక జామతోటను చూపి కాకతీయుల నాటిదని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

బావిని బాగుచేసిన ఫలమునకు గోలకొండ చెంతనే నిదర్శనమున్నది. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని పెద్ద మెట్లబావి 2013 వర్షములలో కొంత కూలిపోయెను. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు వారు పూడిక తీసి, రాళ్లను తిరిగి పేర్చిరి. ఆ బావి మరల నీటితో నిండినది. గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించెను. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకును అదే యేట ఆ పురస్కారము వచ్చినది. అవి పెద్ద పనులు. రైతు యింటికి అంత ధనము దొరకదు. అయినను బావి మొదలు, గోడ తరువాత అను వరుసను మన పల్లెలోను పాటింపవచ్చును.

ఇంటి చరిత్రకు కాగితములును చూడవలెను. 1954-55 ఖాస్రా పహాణీలో ఆ సర్వే నంబరున పట్టాదారెవరో, సాగుచేసినదెవరో తెలియును. అంతకు పూర్వపు పత్రములు పెక్కు ఉర్దూలో నుండును. వానిలోని సంవత్సరము ఫసలీది. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో క్రీస్తు సంవత్సరము ఇంచుమించుగా వచ్చును: 1340 ఫసలీ యనగా 1930. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడినది గనుక, అంతకు ముందటి రికార్డులను హైదరాబాదు జిల్లా పేర వెదకవలెను. మక్తా, ఇనాం, జాగీరు అను మాటలు కనబడినచో వ్రాసికొనుడు. జాగీర్లు 1949లో రద్దయినవి. ఆ యింటి యజమాని మారుటకు కారణము అదియే కావచ్చును. ఊరి వృద్ధులను, ముఖ్యముగా ఆ తోటలో కూలికి పోయినవారిని అడుగుట మరువరాదు. యజమాని వంశమునకు పత్రముండును. మోట తోలినవానికి జ్ఞాపకమే పత్రము.

ఇక గోడలు. మట్టితోను సున్నముతోను కట్టిన గోడకు సిమెంటు పూయుట మనము తరచు చేయు తప్పు. పాత గోడ వానకు తడిసి, ఎండకు తడిని విడుచును. సిమెంటు ఆ తడిని లోపల బిగించును. కొన్నేండ్లకు పూత పెచ్చులూడును, లోపలి మట్టియు పట్టుతప్పును. చల్లార్చిన సున్నమును కొన్నాళ్లు నీట నానబెట్టి, ఇసుకతోను ఇటుకపొడితోను గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము కలిపిన గచ్చునే వాడవలెను. పని జరుగుచుండగా గోడ త్వరగా ఎండకుండ తడిపిన గోనెలను కప్పుదురు. మట్టిమిద్దెకు నీరు నిలువని వాలును, మీద చౌడు మట్టియు మొదట సరిచేయవలెను. పైన కారుచుండగా క్రింద పూత పూయుట వృథా.

పాత యింటిలో నిధి యున్నదని గోడలు పగులగొట్టువారు కొందరుందురు. వారివలన కూలిన గోడలు వానవలన కూలినవానికంటె తక్కువ కావు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, నేలలో గాని గోడలో గాని దాగిన నాణెములు, నగలు దొరికి, వాని విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. పని మొదలిడు నాడే ఈ సంగతిని మేస్త్రీకిని కూలీలకును చెప్పి, పంచాయతీ పుస్తకమున వ్రాసి సంతకములు తీసికొనవలెను.