బొమ్మ వేషంలో మనిషికి ఊపిరాడాలి

ప్రశ్న: మాది గుంటూరు. పిల్లల పుట్టినరోజులకు కార్టూన్ వేషాల్లో మనుషుల్ని పంపే వ్యాపారం పెడదామనుకుంటున్నాను. ఛోటా భీమ్, మిక్కీ మౌస్ డ్రెస్సులు కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. డ్రెస్సు బజార్లో దొరికినంత మాత్రాన ఆ బొమ్మ మీదైపోదు. భీమ్ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్లది, మిక్కీ డిస్నీది. అనుమతి లేకుండా వాటితో సంపాదిస్తే 1957 కాపీరైట్ చట్టం, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద చిక్కులు రావచ్చు. ‘ఊళ్లో అందరూ చేస్తున్నారుగా’ అన్న మాట నోటీసు వచ్చాక పనికిరాదు. ఒక ఎలుగుబంటినో కుందేలునో మీరే డిజైన్ చేయించి, సొంత పేరు పెట్టండి. పులివేషానికి డప్పు తోడైతే మన పిల్లలు కార్టూన్లను మర్చిపోతారు!

అసలు కష్టం వేషం లోపల ఉంటుంది. స్పాంజి తలకాయలో గాలాడదు. చాలావాటిలో నోటి దగ్గరి జాలీలోంచే చూడాలి, కాళ్ల దగ్గరకొచ్చిన బుడతడు కనిపించడు. అందుకే పక్కన ఒక మనిషి తప్పనిసరి. మన ఎండల్లో పావుగంట, ఇరవై నిమిషాలకోసారి తల తీసి నీళ్లు తాగాల్సిందే, అదీ పిల్లల కంటపడకుండా. అందుకు విడిగా ఒక గది ఇస్తారా అని బుకింగ్ అప్పుడే అడగండి. లోపలి గుడ్డ విడదీసి ఉతికేలా కుట్టించండి, లేకపోతే రెండో పార్టీకే కంపు.

ఇక కాగితాల సంగతి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ అక్కర్లేదు. చివరిగా ఒక మాట. రెండు మూడేళ్ల పిల్లలు చాలామంది ఈ వేషాలను చూసి జడుసుకుంటారు. వాళ్లను ఫొటో కోసం ఒళ్లో కూర్చోబెట్టమని పెద్దలు పట్టుబట్టినా ఒప్పుకోకండి.