సృష్టిని చూసి కర్తను ఊహించేటప్పుడు

ఇంత పొందికగా ఉన్న లోకం దానంతటదే పుట్టిందంటే ఎలా నమ్మడం? ఈ ప్రశ్న వినపడని ఇల్లు ఉండదు. కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పినన్నాళ్ళూ, రిటైరయ్యాకా కూడా ఇది నన్ను వదల్లేదు. నేను దేవుణ్ణి నమ్ముతాను. కానీ ఆ నమ్మకాన్ని ఈ వాదం మీద నిలబెట్టను. ఎందుకో ఈ కాలం పిల్లలకు చెప్పాలని ఉంది.

1. ముందు వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పడం నేర్చుకోండి.

తర్కం మొదలుపెట్టేవాళ్ళు చదివే తర్కసంగ్రహం రాసినవాడు మన తెలుగువాడు అన్నంభట్టు, 17వ శతాబ్దం వాడు. దానికి ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈశ్వరుణ్ణి సాధించే అనుమానం (తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించి తేల్చడం) క్లుప్తంగా ఉంటుంది. భూమి, మొలక లాంటివి కార్యాలు, అంటే ఒకప్పుడు లేకుండా తర్వాత పుట్టినవి. కార్యమన్న ప్రతిదానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టే. కాబట్టి వీటికీ ఒక కర్త ఉన్నాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే మిథిల పండితుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని దిట్టంగా నిలబెట్టాడు.

ఇంగ్లండులో విలియం పేలీ 1802లో గడియారాన్ని ఉదాహరణగా చూపి చెప్పింది కూడా ఈ కోవలోదే. కానీ తేడా ఉంది. పేలీకి కావలసింది అమరిక: చక్రాలూ స్ప్రింగూ ఒక పని కోసం కుదురుకున్నాయి, కాబట్టి కుదిర్చినవాడు ఉన్నాడంటాడు. నైయాయికుడికి, అంటే ఉదయనుడి లాంటి న్యాయదర్శనం వాడికి, అమరిక కూడా అక్కర్లేదు, వస్తువు పుట్టినదైతే చాలు. రెంటినీ కలగలిపి మాట్లాడితే ఒకదానికిచ్చిన జవాబు రెండోదానికి తగలదు.

2. వ్యాప్తి దగ్గర పట్టుకోండి.

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని అనేకసార్లు చూశాం గనక, కొండమీద పొగ కనబడితే నిప్పుందంటాం. అలా తప్పకుండా వెంట ఉండడమే వ్యాప్తి. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికంలో సరిగ్గా ఇక్కడే వేలు పెట్టాడు. కుండా మట్టిదే, పుట్టా మట్టిదే. అంతమాత్రాన పుట్టను కూడా కుమ్మరి చేశాడంటారా అని ఆయన ప్రశ్న. కుమ్మరి సారె తిప్పడం చూశాం కాబట్టి ఇంకో కుండ కనబడితే కుమ్మరిని ఊహిస్తాం. పర్వతాన్నో మొలకనో ఎవరైనా చేస్తుండగా చూసినవాళ్ళు లేరు. రెంటినీ కార్యం అనే ఒక్క పేరుతో పిలిచినంత మాత్రాన కుండ దగ్గర కుదిరిన వ్యాప్తి మొలక దాకా రాదు.

నైయాయికుడు ఊరుకోలేదు. వాదం నడుస్తున్నదే మొలక గురించి కదా, దాన్నే ఎదురు ఉదాహరణగా ఎలా తెస్తారన్నాడు. గట్టి జవాబే. అయినా ఎన్నిసార్లు తూచినా నాకు ధర్మకీర్తి వైపే ముల్లు మొగ్గింది.

3. కర్త ఉన్నాడని తేలినా, ఒక్కడేనని తేలదు.

ఈ మాట నాస్తికుడు అన్నాడనుకుంటారు. అన్నవాడు రామానుజాచార్యులు. శ్రీభాష్యంలో ఆయన ఈ అనుమానాన్ని నిలబెట్టి ప్రశ్నిస్తాడు. పెద్ద పెద్ద కట్టడాలు పదిమంది కలిసి కట్టడమే చూస్తున్నాం కదా, మరి ఇంత జగత్తుకు ఒక్కడే కర్త అని ఎలా చెప్పగలరు? ఇదంతా ఒకేసారి పుట్టిందనడానికి ఆధారమేమిటి? ఆయన తేల్చింది దేవుడు లేడని కాదు, దేవుణ్ణి తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదమే ప్రమాణం, అనుమానం కాదని. ఆరు వందల ఏళ్ళు దాటాక, 1779లో అచ్చయిన స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ సంభాషణల పుస్తకంలోనూ ఇదే మాట కనిపిస్తుంది: ఓడకూ నగరానికీ పదిమంది చేయి పడుతుంది కదా, లోకానికి మాత్రం ఒక్కడే ఎందుకని. ఒకరు పరమభక్తుడు, ఇంకొకరు సంశయవాది. ఈ వాదాన్ని ఖండించినవాళ్ళంతా దేవుడి శత్రువులని మీ ఊళ్ళో ఎవరైనా అంటే రామానుజుల పేరు చెప్పండి.

4. వాదించే ముందు ఒక మేడికాయ విప్పి చూడండి.

భూతద్దం దగ్గర పెట్టుకుని చూడండి. మేడికాయ అంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కొసన సన్నటి రంధ్రం ఉంటుంది. నువ్వుగింజంత ఆడ కందిరీగ ఆ దారిన ఇరుక్కుంటూ లోపలికి పోతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి, మళ్ళీ బయటికి రాదు. వెంట తెచ్చిన పుప్పొడి పూలకు అంటిస్తుంది, కొన్నిటిలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. దాని సంతానంలో రెక్కల్లేని మగవి ముందు బయటపడి, ఇంకా పూలలోనే ఉన్న ఆడవాటితో జతకడతాయి, కాయ గోడకు కన్నం తొలుస్తాయి, చచ్చిపోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ కన్నంలోంచి ఎగిరి ఇంకో చెట్టును వెతుక్కుంటాయి. ఈ కందిరీగ లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే ఈ కందిరీగ లేదు.

ఇంతవరకు చూసి చేతులు జోడించాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అదే కాయ మీద ఇంకో రకం కందిరీగలు వాలతాయి. అవి లోపలికి పోవు, పుప్పొడి తేవు. బయటినుంచే పొడవాటి సూదిలాంటి అవయవాన్ని కాయలోకి దించి గుడ్లు పెడతాయి. వాటిలో కొన్నిటి పిల్లల వల్ల మొదటిదాని పిల్లలు చస్తాయి. ఆ సూది కూడా అంతే నేర్పుగా అమరింది. మొదటిది రచన అయితే రెండోదీ రచనే. సగం కాయ చూపించి వాదం ముగించకండి.

చార్లెస్ డార్విన్ తడబడింది ఇక్కడే. కేంబ్రిడ్జిలో పేలీని ఇష్టంగా చదివిన మనిషి ఆయన. 1860లో వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాస్తూ, బతికున్న గొంగళిపురుగును లోపలినుంచి తినే కందిరీగల్ని దయగల దేవుడు కావాలని పుట్టించాడంటే మనసొప్పడం లేదన్నాడు. ఇదంతా గుడ్డిశక్తి పని అనుకుని తృప్తిపడలేకపోతున్నానని కూడా ఆ ఉత్తరంలోనే రాశాడు. గ్రే దైవభక్తుడు, పైగా డార్విన్ సిద్ధాంతాన్ని అమెరికాలో గట్టిగా సమర్థించినవాడు. అలాంటి స్నేహాలు మీకూ ఉండాలి.

5. కన్నును ఉదాహరణగా తెస్తే కన్నంతా తెండి.

తెల్ల కాగితం మీద ఎడమవైపు ఒక ఇంటూ గుర్తు, దానికి మూడంగుళాలు కుడికి ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికన్నుతో ఇంటూనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెండి. ముఖానికి అడుగు దూరానికి అటూ ఇటూగా చుక్క మాయమవుతుంది. కాంతిని పట్టే కణాలకు ముందువైపున నరాల పోగులు ఉన్నాయి. అవన్నీ ఒకచోట చేరి వెనక్కి దూరి పోవాలి. ఆ చోట చూపు లేదు. ఆక్టోపస్ కంటిలో పోగులు వెనకవైపే ఉన్నాయి, దానికి ఈ ఇబ్బంది లేదు. మన కంటి అమరికలోనూ లాభాలున్నాయని చూపించిన పరిశోధకులు ఉన్నారు, వాళ్ళ మాటా వినండి.

6. వాదం ఇప్పుడు జీవుల్ని వదిలి భౌతికశాస్త్రం చేరింది.

1953లో ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్, నక్షత్రాల్లో ఇంత కార్బన్ తయారు కావాలంటే దాని కేంద్రకానికి ఒక ప్రత్యేక శక్తిస్థాయి ఉండి తీరాలన్నాడు. ప్రయోగంలో అది సుమారు 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. అది కాస్త అటూ ఇటూ అయితే మనం లేమంటారు. ఈనాటి వాదాల్లో నన్ను ఆలోచింపజేసేది ఇదొక్కటే. అయినా పాత చిక్కు అలాగే ఉంది: మన ఎదుట ఉన్న విశ్వం ఒక్కటే, వ్యాప్తి దేనితో పోల్చి కట్టాలి?

7. బిడ్డకు జబ్బు చేసిన ఇంట్లో ఈ వాదం ఎత్తకండి. అక్కడ కావలసింది పక్కన కూర్చునే మనిషి.

8. చదివితే రెండు పక్షాలూ చదవండి.

11వ శతాబ్దంలో విక్రమశిలలో ఉన్న బౌద్ధ పండితుడు రత్నకీర్తి ఈశ్వరసాధనదూషణం రాశాడు. ఖండించే ముందు నైయాయికుల వాదాన్ని ఎంత ఓపికగా, ఎంత విస్తారంగా పెడతాడో చూస్తే ప్రత్యర్థిని గౌరవించడమంటే ఏమిటో తెలుస్తుంది. శతాబ్దాల పాటు మన దేశంలో ఆ మూలం చదవడానికే లేదు. పండితుడు రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో రత్నకీర్తి రచనల తాళపత్రాలు కనిపెట్టి ఫొటోలు తెచ్చాక, 1957లో పాట్నాలో అచ్చయ్యాయి. కాబట్టి ఉదయనుణ్ణి ఒక్కణ్ణే చదివి ఈశ్వరసిద్ధి అయిపోయిందనుకోవలసిన పని ఇప్పుడెవరికీ లేదు. న్యాయకుసుమాంజలి తీసుకున్నవాళ్ళు పక్కనే రత్నకీర్తినీ పెట్టుకోండి.